కమలాకాయలో దాచిన చైనా టీ: రాత్రి తాగితే నిద్ర పడుతుందా?

ప్రశ్న: నా వయసు 46. విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. దాని పరీక్షల టెన్షన్ దానికంటే నాకే ఎక్కువైంది. కొన్ని నెలలుగా రాత్రి రెండు దాటితేగాని కన్ను మూతపడటం లేదు. సింగపూర్‌లో ఉండే మా తోడికోడలు సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక డబ్బా ఇచ్చింది. లోపల నిమ్మకాయంత పచ్చటి ఎండు కాయలు, వాటి కడుపులో నల్లటి టీ ఆకు. పదేళ్ల పాత టీ అనీ, మనసుకు ప్రశాంతత ఇస్తుందనీ డబ్బా మీద ఇంగ్లిషులో రాసి ఉంది. "పడుకునే ముందు ఒక కాయ వేడినీళ్లలో వేసుకుని తాగక్కా, హాయిగా నిద్రపడుతుంది" అంది. వారం నుంచి తాగుతున్నాను. చేదు లేదు, పాలూ పంచదారా లేకుండానే బాగుంది. కానీ ఉన్న నిద్ర కూడా తగ్గింది. ఒకటి రెండు రాత్రులు గుండె దడగా అనిపించింది. వాసన చూస్తే తడిసిన మట్టిలా ఉంది, పాడైపోయిందేమో అని అనుమానం. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర వేసుకుంటాను. టీ మానేయాలా? ఆన్‌లైన్‌లో ఇలాంటిదే "ఇరవై ఏళ్ల తొక్క" అని వేలకు వేలు చెబుతున్నారు, అదేమైనా మంచిదా? మా అత్తగారేమో కమలా తొక్కలు మనమే ఎండబెట్టుకోవచ్చు కదా అంటున్నారు.
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: రాత్రిపూట తాగడం ఈ రోజే ఆపేయండి. డబ్బా మాత్రం పారేయకండి. మీ తోడికోడలు తెచ్చింది మంచి వస్తువే, తాగమన్న వేళే తప్పు.

మీరు తాగుతున్నది పూఅర్ టీ. చైనాలో యున్నాన్ రాష్ట్రంలో పండుతుంది. మన ఇళ్లలో మరిగే అస్సాం టీపొడి ఏ రకం మొక్క నుంచి వస్తుందో ఇదీ ఆ పెద్దాకు రకం నుంచే వస్తుంది. అంటే ఇందులోనూ కెఫీన్ ఉంటుంది. ఎండు ఆకు బరువులో సుమారు 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ఒక్కో కాయలో సాధారణంగా ఆరేడు గ్రాముల ఆకు కూరుతారు. లెక్క వేసుకోండి. కాయ మొత్తం వేడినీళ్లలో వేసి సారమంతా దిగేదాకా తాగితే 200 మిల్లీగ్రాముల దరిదాపుల్లో కెఫీన్ లోపలికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక కప్పు టీలో ఉండేది 30 నుంచి 65 మిల్లీగ్రాములు. రోజు మొత్తానికి 300 దాటొద్దని కూడా అందులోనే చెప్పారు. పొద్దున రెండు టీలు, స్టాఫ్ రూములో ఒకటి తాగే అలవాటు ఉన్న మనిషి పడుకునే ముందు ఇంకో మూడు నాలుగు కప్పుల టీ తాగితే నిద్ర ఎలా వస్తుంది? గుండె దడ కూడా దీనివల్లే అయ్యుండే అవకాశం ఎక్కువ. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పది గంటలకు తాగారంటే మూడింటికి కూడా సగం లోపలే ఉంటుంది.

మరి చేదు లేదు కదా, ఇంత తేలిగ్గా ఉన్నదాంట్లో అంత కెఫీనా అని మీకు అనిపించవచ్చు. ఈ టీ దగ్గర అందరూ పొరపడేది అక్కడే. పూఅర్‌లో రెండు రకాలున్నాయి. పచ్చి పూఅర్‌ను ఏళ్ల తరబడి నిల్వ ఉంచితే మెల్లగా మెత్తబడుతుంది. అన్నేళ్లు ఆగలేక 1973లో కున్మింగ్ టీ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి కనిపెట్టారు. ఆకును కుప్పగా పోసి, నీళ్లు చల్లి, పైన కప్పి ఉంచుతారు. పేడకుప్ప లోపల వేడి పుట్టినట్టే ఆ కుప్పలోనూ వేడి పుడుతుంది, సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. మధ్యమధ్యలో కుప్పను తిరగేస్తూ నెలన్నర, రెండు నెలలు అలా మాగనిస్తారు. దాన్నే పండు పూఅర్ అంటారు. మీ కాయల్లో ఉన్నది ఇదే. ఈ మాగుడులో నోరు వగరెక్కించే పదార్థాలు చాలావరకు మారిపోయి, ముదురు గోధుమరంగు పదార్థాలు తయారవుతాయి. అందుకే డికాషన్ నల్లగా, తాగితే మెత్తగా ఉంటుంది. కెఫీన్ మాత్రం ఎక్కడికీ పోదు. పైగా టీలో మనసును కాస్త నెమ్మదింపజేస్తుందని పేరున్న థియానిన్ అనే పదార్థం ఉంటుందే, అది ఈ మాగుడులో బాగా తగ్గిపోతుంది. మామూలు గ్రీన్ టీలోనే అది ఎక్కువ. "ప్రశాంతత" అని డబ్బా మీద వేసినవాళ్లు ఈ సంగతి తెలిసి వేశారో తెలియక వేశారో మరి!

మొదటి నీళ్లు పారబోస్తే కెఫీన్ పోతుందని కూడా చాలామంది చెబుతారు. పది సెకన్ల కడుగుడుకు పోయేది కొద్దిగానే. దుమ్ము, కుప్ప వాసన పోవడానికి ఆ కడుగుడు మంచిదే. నిద్ర విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

ఇక పైన ఉన్న తొక్క సంగతి. ఈ కాయలకు పేరున్న ఊరు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని షిన్‌హుయ్. జియాంగ్‌మెన్ నగరం కిందకు వస్తుంది, సముద్రానికి దగ్గరగా నదులు పాయలుగా చీలే చోటు. అక్కడి చాజీ రకం కమలాల తొక్కను మూడు రేకులుగా విప్పి, ఎండబెట్టి, ఏళ్లపాటు దాస్తారు. కనీసం మూడేళ్లు నిలవుంటేనే దాన్ని చెన్‌పీ అంటారు. 2006లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన బందరు లడ్డూకి, తిరుపతి లడ్డూకి ఉన్నలాంటిదే. ఎండు తొక్క, ముదురు అల్లం, వరిగడ్డి, ఈ మూడూ గ్వాంగ్‌డాంగ్ సంపదలని అక్కడ సామెతగా చెప్పుకుంటారు. బాతు మాంసం వండినా, ఎర్ర చిక్కుడు గింజలతో తియ్యటి జావ కాచినా అందులో ఒక రేకు వేస్తారు.

చైనా వైద్యంలో చెన్‌పీకి పెద్ద స్థానమే ఉంది. కానీ దేనికి వాడతారో చూడండి: కడుపు ఉబ్బరానికి, తిన్నది అరగనప్పుడు, కఫం పట్టినప్పుడు. నిద్రకోసం వాళ్లు వాడేది వేరే, మన రేగు జాతికే చెందిన ఒక చెట్టు గింజ. అది నేను మీకు తాగమని చెప్పడం లేదు, వాళ్ల లెక్కలోనే ఈ తొక్క నిద్ర మందు కాదని చెప్పడానికి ఎత్తాను. వేడి, చలువ అనే పట్టింపు మనకున్నట్టే వాళ్లకూ ఉంది. ఆ లెక్కలో పండు పూఅర్, ముదురు తొక్క రెండూ వేడి వైపు. అందుకే కొవ్వు దండిగా ఉన్న భోజనం తర్వాత తాగుతారు. హాంకాంగ్‌లోనూ, గ్వాంగ్‌జౌలోనూ పొద్దున డిమ్‌సమ్ హోటళ్లలో ఆవిరి కుడుముల పక్కన పూఅర్ కుండ పెట్టుకుని గంటలు గంటలు కూర్చునే పెద్దవాళ్లు కనిపిస్తారు. అక్కడ ప్రశాంతత లేదని ఎవరంటారు? తీరిగ్గా కూర్చోవడం, పక్కన కబుర్లు, చేతిలో వేడి కప్పు. అది పగటి వేళ దొరికే ప్రశాంతత.

తొక్క వాసనకు మాత్రం కొంత మార్కులు వేయవచ్చు. పంటి డాక్టరు దగ్గర వేచివుండే గదిలో నారింజ వాసన పెట్టి చూసిన పరిశోధనల్లో కొన్నిచోట్ల జనం కంగారు కాస్త తగ్గింది, ఇంకోచోట ఏ తేడా కనిపించలేదు. కాబట్టి మూత తీయగానే వచ్చే ఆ కమ్మటి వాసనకు మీకు హాయిగా అనిపిస్తే అది మీ ఊహ అని కొట్టిపారేయను. దాన్ని మందుగా కూడా లెక్కించను.

మీ డబ్బా మీద "పదేళ్ల పాత" అన్న మాట దగ్గర ఇంకో సంగతి. చిన్న పచ్చికాయలో టీ కూరి అమ్మడం పెద్ద ఎత్తున ఊపందుకున్నది 2015, 2016 ప్రాంతాల్లో. ఇందుకు జూలై, ఆగస్టుల్లో, పండక ముందే కాయ కోస్తారు. లోపలి గుజ్జు తోడేసి, కడిగి, టీ కూరి, కాయతో సహా ఎండబెడతారు. అంటే లోపలి ఆకు పాతదై ఉండవచ్చు గానీ, పైతొక్క చాలాసార్లు ఆ ఏడాదిదో నిరుటిదో అయి ఉంటుంది. షిన్‌హుయ్ వాళ్ల కొలతలో అది ఇంకా చెన్‌పీ కూడా కాదు. అందులో తప్పేమీ లేదు. ఆ పచ్చితొక్క ఘాటు కోసమే దాన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారు. కాకపోతే బీపీ ఉన్న మీకు ఒక జాగ్రత్త చెప్పాలి. పండని నారింజ జాతి కాయల తొక్కలో సైనెఫ్రిన్ అనే పదార్థం పండిన వాటికంటే ఎక్కువ. గుండె వేగాన్ని పెంచే గుణం ఉన్న పదార్థం అది. ఒక కప్పులో దిగేది తక్కువే, కానీ కెఫీన్ తోడైతే, ఇప్పటికే దడ వచ్చిన మనిషికి అది వద్దు. దడ పూర్తిగా తగ్గేదాకా పగలు కూడా తాగకండి. ఈ టీ మానేశాక కూడా దడ వస్తుంటే మాత్రం టీ గురించి నాకు రాయడం మానేసి డాక్టరుకు చూపించుకోండి.

మట్టి వాసనకు భయపడకండి. తడి మట్టి, పాత చెక్క, వానాకాలపు అడవి నేల లాంటి వాసన పండు పూఅర్‌కు సహజం. కుప్పలో మాగిన గుర్తు అది. కొత్తగా మాగినదైతే కొంచెం నీచు వాసన కూడా వస్తుంది, డబ్బా మూత తీసి కొన్నాళ్లు గాలికి పెడితే తగ్గుతుంది. ముక్కు పొడిచే పులుపు వాసన వచ్చినా, తొక్క మీద గానీ ఆకు మీద గానీ పచ్చగా, నల్లగా, దూదిలా బూజు కనిపించినా ఆలోచించకుండా పారేయండి. బూజు తుడిచి వాడుకోవడం వద్దు. విజయవాడ వానాకాలంలో ఆ ప్రమాదం బాగానే ఉంది. ఇంగువ, కర్పూరం, అగరుబత్తీలు ఉండే అలమరలో పెట్టారంటే రెండు నెలల్లో టీకి ఆ వాసనలన్నీ పడతాయి. దేవుడి గూటికి, పోపుల పెట్టెకు దూరంగా, పొడి చోట, గట్టి మూత ఉన్న గాజు సీసాలో పెట్టండి.

మాత్రల విషయం. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట దాకా ఈ టీ అనే కాదు, ఏ టీ కాఫీ వద్దు. మాత్ర ఒంటికి సరిగా పట్టదు. ఐరన్ మాత్రలు వాడుతున్నా ఇదే జాగ్రత్త. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని పోషకాహార సంస్థ చెప్పేది కూడా తిండిలోని ఐరన్‌ను టీ అడ్డుకుంటుందనే. చైనావాళ్లు భోంచేస్తూనే తాగుతారు, నిజమే. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసి నేను ఆ పద్ధతి మీకు చెప్పలేను.

కాబట్టి దడ తగ్గాక మీరు చేయాల్సింది ఇది. స్కూలు లేని రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట ఆగి, రెండు దాటకముందే తాగండి. కాయను చేత్తో నలిపితే విరుగుతుంది. అందులోంచి చెంచాడు ఆకు, గోరంత తొక్కముక్క తీసుకోండి, మిగతాది మళ్లీ సీసాలోకి. మరిగే నీళ్లు పోసి పది సెకన్లలో ఒంపేయండి. మళ్లీ పోసి అర నిమిషం ఉంచి వడకట్టుకోండి. అదే ఆకుతో మూడు నాలుగు సార్లు పోసుకోవచ్చు, ఒక్కోసారి కొంచెం ఎక్కువసేపు ఉంచుతూ. అత్తగారికీ పోయండి, ఇద్దరికీ సరిపోతుంది. ఆ రోజుకు మీ మామూలు టీలలో ఒకటి తగ్గించుకోండి, లేకపోతే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. పాలు పోయాలనిపిస్తే పోసుకోండి, చైనా వాళ్లు వచ్చి చూడరు గానీ తొక్క వాసన మాత్రం చచ్చిపోతుంది.

నిద్ర గురించి రెండు మాటలు. నెలలుగా అంటున్నారు. వారంలో మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలు దాటి నిద్ర పట్టకపోతే దాన్ని పరీక్షల టెన్షన్ అని వదిలేయకూడదు. మీ వయసులో నెలసరి మారే దశ కూడా నిద్రను చెడగొడుతుంది. థైరాయిడ్ మాత్ర మోతాదు కాస్త ఎక్కువైనా నిద్రలేమి, దడ రెండూ వస్తాయి. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించి చాలాకాలమై ఉంటే ముందు అది చేయించండి. అమ్మాయి చదువు గురించిన దిగులు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వానిదే, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మంచం మీద పడుకుని రెండింటిదాకా ఫోన్ చూస్తున్నారా లేదా అన్నది మీరు రాయలేదు, నేనూ అడగను.

ఆన్‌లైన్ "ఇరవై ఏళ్ల తొక్క" కొనకండి. తొక్క ఎంత పాతదైతే ధర అంత పెరుగుతుంది కాబట్టి వయసు పెంచి చెప్పడం ఆ వ్యాపారంలో మామూలే. వేరే ఊళ్ల తొక్కను షిన్‌హుయ్‌దని అమ్మేవాళ్లు, టీ నీళ్లలో నానబెట్టి పాత రంగు తెప్పించేవాళ్లు చైనాలోనే ఉన్నారు. నిజంగా ముదిరిన తొక్క లోపలి తెల్లభాగం ఏళ్ల మీద మెల్లగా గోధుమరంగుకు తిరుగుతుంది. రంగు వేసినదైతే లోపలా బయటా ఒకేలా ముదురుగా ఉండి, నీళ్లలో వేయగానే రంగు వదులుతుంది. ఇవన్నీ చేతిలో పట్టుకుని చూస్తే తెలిసే గుర్తులు, ఫోన్‌లో ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. ఇరవై ఏళ్లదైనా మీ నిద్రకు అదనంగా చేసేది ఏమీ లేదు.

మీ అత్తగారి మాటలో పస ఉంది. మనకు దొరికే నాగపూర్ కమలా, షిన్‌హుయ్ చాజీ ఒకే జాతి పండ్లే, రకాలు వేరు. ఆ వాసన అచ్చంగా రాదు, కానీ రాత్రి ఏదైనా వేడిగా తాగాలనే కోరిక తీర్చుకోవడానికి ఉత్త తొక్క నీళ్లు చాలు, అందులో కెఫీన్ ఉండదు. ఒక్క పట్టింపు: బజారు పళ్ల మీద పురుగుమందుల అవశేషాలు, మెరుపుకోసం రాసే మైనం ఉండొచ్చు. నలుగుపిండి కోసం దాచిన తొక్కలను కప్పులో వేయకండి. తెలిసినవాళ్ల తోట కాయలు దొరికితేనే ఈ పని పెట్టుకోండి. గోరువెచ్చని నీళ్లలో బాగా రుద్ది కడిగి, తుడిచి, తొక్కను పెద్ద రేకులుగా విప్పండి. వంచితే పుటుక్కున విరిగేదాకా ఎండలో పెట్టి సీసాకెత్తండి. వానాకాలం వెళ్లాక మళ్లీ ఒకసారి ఎండకు పోయండి. మొదటి ఏడాది కాస్త చేదు, ఘాటు ఉంటాయి, రెండు మూడేళ్లకు తగ్గుతాయి.

మీ తోడికోడలికి ఈ గొడవంతా చెప్పాల్సిన పనిలేదు. వచ్చే సంక్రాంతికి ఏం తేవాలని అడిగితే టీ కలపని ఉత్త చెన్‌పీ ఒక చిన్న పొట్లం తెమ్మనండి. మూడేళ్లది చాలు, ఎక్కువ డబ్బు పెట్టొద్దని కూడా చెప్పండి.